మ్యూనిక్ బీరు మగ్గు మీద ఉప్పు

జర్మనీలో మ్యూనిక్ అనే ఊళ్ళో ఒక్క సాయంత్రం మూడు బీరు హాళ్ళు తిరిగి, ఆరు లీటర్ల బీరు తాగి, బల్ల మీదకెక్కి నిలబడ్డాను. అక్కడి బ్యాండు మేళం వాళ్ళు తమ పాట ఆపేసి, నేను చప్పట్లు కొట్టిన తాళానికి వాయించారు. తెనాలి వాడంటే ఏంటో ఆ రోజు వాళ్ళకి తెలిసొచ్చింది.

ఈ మాట నేను మా ఊళ్ళో చాలామందికి చెప్పాను. ఇందులో నిజమెంతో కాసేపట్లో నేనే చెబుతాను. కానీ అదే సాయంత్రం ఇంకో సంగతి జరిగింది. దాంట్లో మాత్రం నేను నీళ్ళు కలపలేదు.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. సెకండ్ షో వదిలాక ఖాళీ హాల్లో ఎక్కడో కుర్చీ కిర్రుమంటే, నట్టు వదులైందనుకుని స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళే మనిషిని. లేని మనుషుల్ని తెర మీద ఉన్నట్టు చూపించడమే నా ఉద్యోగం. అలాంటివాడికి దెయ్యాన్ని అంటగట్టడం కష్టం.

మా బావమరిది నాగేశ్వరరావుది రేపల్లె. చేపల వ్యాపారం. రెండేళ్ళ కిందట వాడికి తాగి తాగి లివరు దెబ్బతింది. కళ్ళు పసుపెక్కి, పొట్ట ఉబ్బి, గుంటూరు ఆసుపత్రిలో చావుదాకా వెళ్ళొచ్చాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, “ఇంకోసారి గ్లాసు పట్టుకుంటే నా దగ్గరికి తీసుకురాకమ్మా, ప్రయాణం దండగ” అన్నాడట. ఉన్న ఒక్క తమ్ముడు. అప్పటినుంచి మా ఆవిడ వాణ్ని కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకుంటోంది.

మొన్న వేసవిలో యూరప్ టూర్‌కి వెళ్ళినప్పుడు వాణ్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది అందుకే. మాతోపాటు బాపట్ల నుంచి శాస్త్రిగారని ఒకాయన వచ్చారు. కాలేజీలో మొక్కల పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఉల్లిపాయ కూడా ముట్టరు. ఫోన్ చేతిలో ఉంటే మాత్రం ఎదురుపడ్డ చెట్టునల్లా ఫోటో తీస్తారు.

మ్యూనిక్‌లో ఒక సాయంత్రం ఖాళీ దొరికింది. పాతకాలపు బీరు హాళ్ళన్నీ గైడు వెంటబెట్టుకుని తిప్పి చూపిస్తుందని, ఇష్టమున్నవాళ్ళు రావచ్చని టూర్ మేనేజరు చెప్పాడు. నేను లేచాను. చూడటానికని శాస్త్రిగారు లేచారు. నాగేసు కూడా లేచాడు.

“నువ్వెక్కడికిరా?” అంది మా ఆవిడ.

“యాపిల్ రసం తాగి మేళం వింటానక్కా. హోటలు గోడ చూడ్డానికా నేనింత దూరం వచ్చింది?”

ఆవిడకి కాళ్ళు వాచి కదల్లేని పరిస్థితి. నాకేసి చూసింది. “వాడి నోట్లో చుక్క పడిందంటే ఇద్దరూ నాకు కనపడకండి” అంది. నేను హామీ ఇచ్చాను. ఆ సాయంత్రం నా పనల్లా వాడి పక్కన కూర్చుని వాడి చేతుల మీద ఓ కన్నేసి ఉంచడం.

గైడు పేరు మార్తా. పొడుగాటి పిల్ల, గలగలా ఇంగ్లీషు మాట్లాడుతుంది. అక్కడ వేసవిలో సాయంత్రం ఎంతకీ చీకటి పడదు. నేను చెప్పబోయేదంతా పట్టపగల్లాంటి వెలుతురులో, వందలమంది మధ్య జరిగింది. ఇది ముందే చెబుతున్నాను.

మొదటి హాలు మన పెళ్ళి పందిరిలో భోజనాల బంతిలా ఉంది. పొడుగాటి బల్లలు, బెంచీలు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పక్కపక్కనే సర్దుకుని కూర్చోవాలి. రోజూ వచ్చేవాళ్ళ మగ్గులు ఒక ఇనప బోనులో పెట్టి తాళాలు వేసున్నాయి. ఆ మగ్గు ఇంకెవరూ ముట్టకూడదట. మార్తా అక్కడి పద్ధతులు చెప్పింది. మగ్గులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. ఇక చాలనుకుంటే, మగ్గు కింద వేసే గుండ్రటి అట్టని తీసి మగ్గు మీద మూతగా పెట్టాలి. అది తాగేవాడే పెట్టుకోవాలి గానీ ఇంకొకరు పెట్టరు.

నాగేసు యాపిల్ రసం అడిగాడు. కానీ వడ్డించే ఆవిడ రెండు చేతుల్లోనూ మగ్గుల గుత్తులు పట్టుకొచ్చి, అందరితోపాటు వాడి ముందు కూడా ఒకటి ఠక్కున పెట్టి పోయింది. తీసేయమని నేను చెయ్యెత్తాను. “ఉండనీ బావా, వాసన చూస్తే లివరుకేం కాదులే” అన్నాడు వాడు. గొంతులో తేడా నాకు తెలిసింది.

అప్పుడే బ్యాండు మొదలైంది. తల తిప్పి చూశాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి వాడి మగ్గు మీద అట్ట ఉంది. అట్ట నడిమధ్యలో చిటికెడు రాళ్ళ ఉప్పు, చిన్న కుప్పగా.

నాగేసు మొహంలో నెత్తురు లేదు. “నువ్వే కదా పెట్టింది?” అన్నాడు. నేను కాదన్నాను. వాడు నమ్మలేదు. నేను వాణ్ని నమ్మలేదు.

ఇక్కడ మా మామగారి సంగతి చెప్పాలి. నాగేసు తండ్రి. సముద్రం మీద వేటకెళ్ళే పడవ ఆయనది. పోయి చాలా ఏళ్ళయింది. వేటకెళ్ళే ముందురోజు ఆయన మనుషులంతా కలిసి తాటాకు దొప్పల్లో కల్లు తాగేవాళ్ళు. ఎవరికి చాలో ఆయనే చూసేవారు. చాలనుకున్న మనిషి దొప్ప మీద ఒక ఆకుముక్క కప్పి, దాని మీద చిటికెడు రాళ్ళ ఉప్పు పెట్టేవారు. నోటితో ఒక్క మాట అనేవారు కాదు. ఆ మూత తీసి తాగినవాణ్ని మర్నాడు పడవ ఎక్కనిచ్చేవారు కాదు. ఒకతను మూత తీసి తాగి, పంతానికి ఇంకొకరి పడవ ఎక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు. అతని గురించి మా ఇంట్లో మాట్లాడుకోరు.

ఈ సంగతి ఆ హాల్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, నాగేసూ.

కాబట్టి నా అనుమానం మొదట వాడి మీదకే పోయింది. అక్కకి భయపడి ఆగానని అనిపించుకోవడం ఇష్టంలేక నాటకమాడుతున్నాడా? వలలు అల్లిన చేతులు వాడివి, చాలా చురుకు. శాస్త్రిగారిని అడిగితే ఆయన నవ్వారు. ఇక్కడ ముడి వేసినట్టుండే రొట్టెలు అమ్ముతారు, వాటి మీద రాళ్ళ ఉప్పు చల్లుతారు, ఎవరి చేతిలోంచో రాలి ఉంటుందన్నారు. బాగానే ఉంది. మరి మా బల్ల మీదకి అప్పటికింకా రొట్టె రాలేదే! రాలిన ఉప్పు కుప్పగా పడుతుందా?

రెండో హాల్లో నేను జాగ్రత్తపడ్డాను. కూర్చోగానే మా చుట్టుపక్కల ఉన్న అట్టలన్నీ పోగుచేసి తొడ కింద పెట్టుకున్నాను. మార్తా వింతగా చూసింది. మా ఊళ్ళో ఇది ఆచారమని చెప్పాను. నాగేసు జేబులు తడిమాను. “పోలీసోడివా నువ్వు?” అని విసుక్కున్నాడు. ఏమీ దొరకలేదు.

ఈసారి బీరు రాగానే వాడు మగ్గుని తన వైపుకి లాక్కున్నాడు. “ఒక్క గుటక బావా. ఒక్క గుటకకి చచ్చిపోతానా?”

“చస్తే మీ అక్కకి నేనేం చెప్పాలిరా?”

“చెప్పకు. నువ్వు చెప్పనివి ఎన్ని లేవు?”

మార్తా అందరినీ లేచి మగ్గులెత్తమంది. లేచాం. పద్ధతి ప్రకారం నేను మార్తా కళ్ళలోకి చూశాను. నాగేసు తన మగ్గు ఎత్తలేదు, బల్ల మీదే పట్టుకుని ఉన్నాడు. అంతలో పక్క బల్లాయన వాడి చెయ్యి అందుకుని ఊపాడు. మేం కూర్చునేసరికి వాడి మగ్గు మీద అట్ట. దాని మీద ఉప్పు.

నా తొడ కింద అట్టలు అలాగే ఉన్నాయి. ఇది వాటిలోది కాదు. మొదటి హాలు బొమ్మ అచ్చేసిన అట్ట.

అప్పుడు నా అనుమానం మార్తా మీదకి మళ్ళింది. అక్కడినుంచి ఇక్కడికి అట్ట తేగలిగింది ఎవరు? ఇలాంటి గారడీలు చేసి జనాన్ని ఆకట్టుకోవడం ఆ ఊరి గైడులకి మామూలేమో. ఉప్పు సంగతి ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది మరి? మా ఆవిడ ముందే ఫోన్ చేసి చెప్పిందా? మా ఆవిడకి ఇంగ్లీషు రాదు, మార్తాకి తెలుగు రాదు. అయినా నేను ఆ అనుమానాన్ని వదల్లేదు. చేతిలో అదొక్కటే మిగిలింది.

శాస్త్రిగారు ఉప్పు వేలికి అద్దుకుని చూశారు. నవ్వలేదు. రొట్టె ఉప్పు తెల్లగా, పొడిగా ఉంటుందట. ఇది చెమ్మగా, కాస్త బూడిద రంగులో ఉందన్నారు. మన సముద్రం ఒడ్డున ఉప్పు కొఠార్లలో మట్టి మీద తీసే ఉప్పులా ఉందన్నారు. నాగేసు అది విన్నాడు. విని, కోపం తెచ్చుకున్నాడు.

“బతికున్నన్నాళ్ళూ ఇంతే. అందరిముందూ నా దొప్పే మూసేవాడు” అన్నాడు.

మూడోది హాలు కాదు, ఆరుబయట తోట. పెద్ద పెద్ద చెట్ల కింద ఉత్త చెక్క బల్లలు. అట్టలు లేవు, వడ్డించేవాళ్ళు లేరు. ఎవరి మగ్గు వాళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలి. నాగేసు నాకు చెప్పకుండానే వెళ్ళి రెండు మగ్గులు తెచ్చాడు. ఒకటి నా ముందు పెట్టాడు. రెండోది తన ముందు పెట్టుకున్నాడు.

నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. “తాగుతా. ఎవరు ఆపుతారో చూస్తా” అన్నాడు.

ఈసారి నేను తల తిప్పకూడదనుకున్నాను. తిప్పాను. మా వెనక ఎవరో పసిపిల్ల కిందపడి ఏడ్చింది, ఇద్దరం ఒకేసారి అటు చూశాం. అంతే. తిరిగేసరికి మగ్గు మీద ఆకు ఉంది. చెయ్యి చాచినట్టు వేళ్ళు వేళ్ళుగా ఉండే పెద్ద ఆకు. దాని మధ్యలో ఉప్పు.

గాలి వీస్తోంది. ఆకు మాత్రం కదల్లేదు.

శాస్త్రిగారు ఎదుటి బెంచీ మీద కూర్చుని చెట్టు ఫోటోలు తీస్తున్నారు. ఆయన ఆకుని వంగి చూశారు. పచ్చి ఆకు, ఈ కాలంలో రాలదన్నారు. కాడ దగ్గర గోటితో గిల్లి తెంపినట్టుంది. కొమ్మలు చూస్తే బెంచీ ఎక్కినా అందేంత కిందకి లేవు.

నాగేసు ఆ ఆకు మీదకి వంగి చూశాడు. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, “సరే నాన్నా” అన్నాడు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకుని తాగాడు. ఆ మగ్గు ఆ బల్ల మీదే వదిలేసి వచ్చాం.

ఆ రోజునుంచి ఇవాళ్టి వరకు వాడు మందు జోలికి పోలేదు. మొన్న పరీక్షలు చేయిస్తే డాక్టరే ఆశ్చర్యపోయాడు.

ఇక నా ఆరు లీటర్ల సంగతి. అది అబద్ధం. మూడు చోట్లా కలిపి నేను తాగింది మహా అయితే ఒక మగ్గున్నర. బల్ల ఎక్కలేదు, కాళ్ళ దగ్గర బీరు ఒలికితే చెప్పులు తడుస్తాయని బెంచీ మీదకి కాళ్ళు ఎత్తి పెట్టుకున్నాను. బ్యాండు వాళ్ళు ఆపింది నా కోసం కాదు, వాళ్ళ టీ వేళకి. అది టీయో కాదో నేను చూడలేదు.

తిరిగొచ్చాక బాపట్ల వెళ్ళి శాస్త్రిగారింట్లో కంప్యూటరు మీద ఆ ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. తోటలో తీసినవాటిలో ఒకదాంట్లో నాగేసు మగ్గు మూత లేకుండా, నురగతో కనిపిస్తుంది. ఆ వెంటనే తీసినదాంట్లో మగ్గు మీద ఆకు ఉంది. రెండింట్లోనూ నాగేసు చేతులు బెంచీ అంచు మీదే ఉన్నాయి. మార్తా దూరంగా ఎవరితోనో మాట్లాడుతోంది. మధ్యలో ఎవరి చెయ్యీ లేదు. బొమ్మ తర్వాత బొమ్మ చూడటం నా వృత్తి. ఎక్కడ అతుకుందో వెతికాను. దొరకలేదు.

మా ఆవిడకి చెబితే ఆవిడేం ఆశ్చర్యపోలేదు. “నాన్న కదా” అని ఊరుకుంది. నాకలా ఊరుకోవడం రాదు. ఇప్పటికీ ఒకరోజు నాగేసుని, ఒకరోజు మార్తాని, ఒకరోజు శాస్త్రిగారిని అనుమానిస్తూనే ఉన్నాను. ఏ అనుమానమూ చివరిదాకా నిలబడటం లేదు.

ఇదంతా రాసి, తప్పులుంటే దిద్దుతాడని రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్ళి నాగేసుకి చదివి వినిపించాను. వాడు ఐసు పెట్టెల్లో చేపలు సర్దిస్తూ చివరిదాకా విన్నాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

“తోటలో ఆకు ఒకటి కాదు బావా, రెండు. రెండోది నీ మగ్గు మీద ఉంది. దాని మీద కూడా ఉప్పుంది. నాది నేను ముట్టుకోలేదు. నీది నువ్వు ఊదేసి తాగావు. అది కూడా రాయి.”