మా చర్చిలో వినపడని గిటార్

ముచ్చటపడి కొనుక్కున్న నా చిన్న గిటార్‌ని మా బాపట్ల చర్చిలో అందరూ బొమ్మ గిటార్ అంటారు. కీబోర్డు, డ్రమ్ముల మధ్య నేను వాయించినా ఒకటే, మానేసినా ఒకటే.

ఈ సాయంత్రం మేరమ్మ మామ్మగారింట్లో ప్రార్థన కూడిక. కీబోర్డు బ్రదర్ తెనాలిలో పెళ్లికెళ్లారు, దాంతో నా బొమ్మే దిక్కయింది. గొంతు ఆపరేషన్ అయ్యాక మామ్మగారు చర్చిలో పాడటమే మానేశారు. కానీ మా కూడికల్లో మొదటి పాట ఇంటివాళ్లే ఎత్తుకోవాలి, రెండో లైనుకి మేమంతా అందుకోవాలి.

ఆవిడ మంచం మీద కూర్చుని, సన్నగా వణికే గొంతుతో ఎత్తుకున్నారు. నేను వేళ్లతోనే మెల్లగా మీటాను. ఈ గిటార్ గట్టిగా మోగదు, పక్కన కూర్చున్న మనిషి మాట్లాడినట్టుంటుంది. రెండో లైనొచ్చింది. ఎవరూ అందుకోలేదు. పాటంతా ఆవిడొక్కరే పాడారు.

అయిపోయాక కంగారుగా అడిగారు: "ఏంటర్రా, ఎవరూ పాడలేదేం? నా గొంతు వినపడలేదా?"

"వినపడిందండీ మామ్మగారూ," అంది మా అక్క కళ్లు తుడుచుకుంటూ. "అందుకే పాడలేదు."

ఇంకా నన్ను పెద్ద గిటార్ కొనుక్కోమనేవాళ్లుంటే కింద రాయండి. అన్నీ చదువుతాను. కొనను.