గెడ్డ దాటని వాళ్ల లెక్క

మొన్న పలాసలోకి జీపు మలుపు తిరగగానే జీడిపిక్కలు కాల్చే వాసన గుప్పుమంది. గొంతులో కాస్త మండేలా ఉండే, నూనె కమురు కలిసిన వాసన. డ్రైవరు అద్దం ఎత్తబోతే వద్దన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ వాసన పీలుస్తూనే వారం రోజులు రోడ్డు పక్కన స్టూలు మీద కూర్చుని బళ్లు లెక్కపెట్టాను. అప్పలస్వామి గారు ఎలాంటి మనిషో నాకు మొదటిసారి తెలిసింది ఆ వారంలోనే.

తొంభైల చివరి మాట. టెక్కలిలో రోడ్ల కార్యాలయంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి మూడు నెలలైంది. అప్పలస్వామి గారు మా డీఈ, నాకు పైనుండే ఇంజనీరు. సన్నటి మనిషి, జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు, ఎండకు కమిలిన మెడ. రాబోయే ఇరవై ఏళ్లలో రాష్ట్రంలో ఏ రోడ్డు ఎప్పుడు వెడల్పు చెయ్యాలో, ఏ వంతెన ఏ దశలో కట్టాలో తేల్చే ప్రణాళిక అప్పుడు తయారవుతోంది. టెక్కలి నుంచి ఉద్దానం తీరం దాకా మా వంతు. ఏ రోడ్డు మీద ఎన్ని బళ్లు తిరుగుతున్నాయన్నదే కొలత. ఎక్కువ తిరిగితే మొదటి దశ, తక్కువైతే మూడోది.

రెండో రోజు ఉదయం ఉద్దానం నుంచి వచ్చిన బస్సు ఆగింది. నేను ఫారంలో గీత గీశాను. వెనకనుంచి అప్పలస్వామి గారి గొంతు.

"ఏటమ్మా, ఆ బస్సుకి ఏటి రాసినావు?"

"ఒకటి సార్."

"టాపు మీదున్నోళ్లతో కలిపి ఎంతమంది దిగినారో సూసినావా?"

చూడలేదు. ఫారంలో ఆ గడి లేదు. ఆయన దిగినవాళ్ల మధ్యకు వెళ్లి, ఎక్కణ్నుంచి వస్తున్నారు, ఎందుకొచ్చారు అని ఒక్కొక్కరినీ అడిగి ఫారం వెనక రాసుకున్నారు. అలా పరిచయమైంది దాలమ్మ. భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించడానికి వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్తోంది.

మర్నాడే దాలమ్మ ఊరు వెళ్లాం. కొబ్బరి తోటలు దాటాక ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, దాని మీద రాళ్ల చప్టా. వానొస్తే చప్టా మునిగిపోతుంది, ఊరు అవతలే ఉండిపోతుంది.

"నీరొచ్చిందంటే ఒడ్డు కాడ కూకుంటాం బాబూ," అంది దాలమ్మ. "తగ్గితే ఎల్తాం, నేదంటే ఇంటికి తిరిగొచ్చేత్తాం. ఆపాటికి మాయాయనకి కాళ్లూ సేతులూ పొంగిపోతాయి."

ఆ రోడ్డు మీద బళ్ల లెక్క చూస్తే సిగ్గేసేంత తక్కువ. రూలు ప్రకారం వంతెన మూడో దశలోకి పోతుంది. అంటే పదేళ్ల పైమాటే. నాకు మనసొప్పలేదు. ఆఫీసులో నా బల్ల దగ్గర కూర్చుని, లారీల గడిలోనూ ఆటోల గడిలోనూ అంకెలు పెంచేశాను. మంచి పని చేస్తున్నానన్న ధైర్యంతోనే ఫారం ఆయన చేతికిచ్చాను.

ఆయన చాలాసేపు చూశారు. "ఈ రోడ్డు మీద ఇన్ని లారీలు ఎప్పుడు తిరిగినాయమ్మా?"

"తిరిగినట్టు రాస్తేనే వంతెన వస్తుంది సార్. ఎవరికి నష్టం?"

అరుస్తారనుకున్నాను. అరవలేదు. పెన్సిలు తీసి నా అంకెల మీద అడ్డంగా గీత కొట్టారు. "రేపు ఇంకోడూ ఇదే పని సేత్తాడు. అప్పుడు ఎవుడు పెద్ద అబద్ధం రాత్తే ఆడికే వంతెన. దాలమ్మలాంటోళ్లకి ఎప్పటికీ రాదు." పెన్సిలు నా చేతిలో పెట్టారు. "బళ్లు ఎందుకు నేవో అది అడుగు. ఒడ్డు దాకా వచ్చి ఎనక్కి తిరిగెల్లిపోయినోళ్లని లెక్కెట్టు."

ఆ వానాకాలం గెడ్డ పొంగిన ఆరు రోజులూ ఊరివైపు ఒడ్డునే ఉన్నాం. మకాం ఊరి బడిలో. గొడుగు కింద నేను పేర్లు రాసేదాన్ని, ఆయన తడుస్తూ అడిగేవారు. నెలలు నిండిన కోడలితో ఒక అత్తగారు. పనస కాయల బుట్టలతో ఇద్దరు. పరీక్షకు పోవలసిన ఒక డిగ్రీ అమ్మాయి, ఏడుస్తూ. నాలుగో రోజున దాలమ్మ, భర్త వచ్చారు. అతను తువ్వాలు పరుచుకుని తడి నేల మీదే కూర్చున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి, ఎవరం ఏమీ చెయ్యలేకపోయాం. మధ్యాహ్నానికి వాళ్లు వెనక్కి తిరిగారు. దాలమ్మ భర్త పేరు మాత్రం నా చేతిలో పెన్ను తీసుకుని అప్పలస్వామి గారే రాశారు.

సమీక్ష సమావేశంలో పై అధికారి ఆ కాగితాలు తిరగేసి, "ఫారంలో లేని లెక్క ఇది. ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు.

అప్పలస్వామి గారు లేచి నిలబడ్డారు. ఎవరి ముందైనా ఆయన భాష మారదు. "గడి నేకపోతే గీసుకుందాం సార్. రోడ్డుండి తిరిగేవోళ్లని అందరం లెక్కెట్టినాం. రోడ్డు నేక ఆగిపోయినోళ్లు ఈళ్లు. ఇరవై ఏళ్ల ముందుకి సూసే కాయితంలో ఈళ్లకి సోటు నేకపోతే ఇంకెక్కడుంటాది సార్?"

అధికారి మళ్లీ మొదటి పేజీకి వెళ్లి ఒక్కో పేరూ చదివారు. మూడో దశ కొట్టేసి రెండు అని రాశారు. బయటికొచ్చాక అందరూ అప్పలస్వామి గారి చెయ్యి పట్టుకుని అభినందించారు. తిరుగు బస్సులో నా సంతోషం నేను పట్టలేకపోతుంటే, ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నారు.

"రెండో దశంటే ఐదేళ్లమ్మా. దాలమ్మ పెనిమిటికి ఐదేళ్లు ఉన్నాయేటి?"

లేవు. రెండేళ్లకే పోయాడు.

వంతెన పూర్తయ్యేసరికి అప్పలస్వామి గారు రిటైరై చాలాకాలమైంది. ప్రారంభం రోజున బస్సులో వచ్చి జనం వెనక నిలబడ్డారు. నేను పిలిచినా వేదిక దగ్గరికి రాలేదు. దాలమ్మే ఆయన్ను గుర్తుపట్టింది.

"బాబూ, మీరు రాసిన కాయితంలో మాయాయన పేరు ఇంకా ఉన్నాదేటి?"

"ఉన్నాదమ్మా."

"ఉండనియ్యండి," అంది. కొంగుతో మొహం తుడుచుకుని, నడుచుకుంటూ వంతెన మీదికి వెళ్లింది. ఆయన తల వంచుకుని అలాగే నిలబడిపోయారు.

ఇప్పుడు ఆయన లేరు. ప్రణాళిక విభాగంలో సంతకం పెట్టే కుర్చీలో నేనున్నాను. అన్ని రోడ్లూ మొదటి దశలో పట్టవు. ఎక్కడో ఒకచోట మూడో దశ అని రాయక తప్పదు, రాస్తాను కూడా. రాసే ముందు మాత్రం ఆ రోడ్డున్న ఊరు వెళ్తాను. అంతకాలం ఆగవలసింది ఎవరో చూసి, ఆ మాట వాళ్లకు నేనే చెప్తాను. కొన్నిచోట్ల తిడతారు. నిలబడి వింటాను.