అరవై నాలుగు డిగ్రీల చన్నీళ్ళు

మా మేడ గదిలో అద్దెకుండే లెక్చరరమ్మాయి డాబా మీద ఒక నల్లటి పలక, దానికన్నా ఎత్తులో ఒక నీళ్ళ డ్రమ్ము పెట్టించింది. మోటారు లేదు, కరెంటు లేదు. పలకలో ఎండకు కాగిన నీళ్ళు వాటంతటవే పైకెక్కి డ్రమ్ములో చేరతాయి. ఏ గంటకు ఎంత వేడెక్కాలో ఆమె కంప్యూటరు ముందే లెక్కకట్టి చెబుతుంది. నిజంగా ఎంత వేడెక్కాయో డ్రమ్ముకున్న ముల్లు చూసి గంటగంటకూ రాయడం నా పని. నర్సీపట్నంలో ఇంతమంది చదువుకున్నవాళ్ళుండగా ఆ పని నాకిచ్చింది. నేను అక్షరాలూ అంకెలూ దిద్దింది యాభై దాటాక. ఈ పని వచ్చేదాకా నేను రాసింది ఎవరికీ అవసరం పడలేదు.

పది రోజులయ్యాక పుస్తకం చూసింది. అన్ని గంటలూ కంప్యూటరుతో కలిశాయట. రోజూ ఆఖరున రాసే మూడు గంటల దగ్గర మాత్రం అది అరవై నాలుగంటే నేను నలభై ఆరన్నాను. ఆ అంకెల పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టింది.

“ఏమీ అనుకోకండి ఆంటీ. ఆరూ నాలుగూ తారుమారవుతున్నాయేమో. సోమవారం నుంచి కాలేజీ నుంచి ఎవర్నైనా పంపిస్తాను.”

ఆ పూటంతా నా కళ్ళను నేనే అనుమానించాను. మర్నాడు రెండింటి అంకె రాసి అక్కడే కూర్చున్నాను. రెండున్నరకు ముల్లు జరజరా కిందికి జారింది. మెట్లు దిగి పరిగెత్తాను. పెరటి బాత్‌రూమ్ తలుపు సందులోంచి ఆవిరి వస్తోంది. డ్రమ్ము కుళాయి ఒకటి అందులో ఉంది; తిప్పితే, తగ్గినంత మేర డ్రమ్ములోకి చన్నీళ్ళు దిగుతాయి. లెక్కలు తేలేదాకా తిప్పొద్దని దానికి గుడ్డ కట్టాం. లోపల మా అత్తగారు. నలభై ఏళ్ళుగా చన్నీళ్ళ స్నానమేనని వీధంతా చెప్పుకునే మనిషి. ఆ నియమం చూసే పెళ్ళిళ్ళలో మొదటి అక్షింతలు ఆమె చేత వేయిస్తారు.

“అత్తా, ఆవిరొస్తంది.”

“సన్నీళ్ళేనే.”

“సన్నీళ్ళకి ఆవిరేటి?”

“నా ఒంటి యేడి. ఎల్లెహె!”

“నీ మూలాన నాకు అంకెలు రావంటంది ఆ పిల్ల. సోమారం నుంచి నన్ను మానిపించేస్తాదట.”

లోపల చెంబు చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయిని మా అత్తగారే మెట్ల దగ్గర ఆపింది.

“అమ్మా, నీ డ్రమ్ములో పొయ్యి ఉందా?”

“లేదు మామ్మగారూ.”

“కరెంటు?”

“అదీ లేదు.”

“పొయ్యి మీద కాయని నీళ్ళని ఏటంటారు? సన్నీళ్ళే కదా?”

“అరవై నాలుగు డిగ్రీలండీ!”

“డిగ్రీలు సదూకున్నోళ్ళకి. నాకెందుకు? సన్నీళ్ళని రాస్తావా, లేదా? రాస్తే ఓ నిజం సెప్తాను.”

అమ్మాయి నన్ను చూసింది. నేను పుస్తకాన్ని చూశాను.

“రాస్తాను,” అంది.

“రోజూ రెండున్నరకి రెండు బకెట్లు. మా కోడలి కళ్ళకేటీ అవలేదు.”

ఆ రెండు బకెట్లూ కంప్యూటరులో ఎక్కించాక దాని గీతా నా అంకెలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. పుస్తకంలో కారణం నన్నే రాయమంది. అంతకుముందు అందులో అంకెలే రాశాను. ‘చన్నీళ్ళ స్నానం’ అని వత్తులతో సహా రాసేలోపు ఆమె రబ్బరుతో ప్రశ్నార్థకాలన్నీ చెరిపేసింది.

సోమవారం ఎవరూ రాలేదు. తొమ్మిదింటికి నేనే డాబా ఎక్కాను. కింద నుంచి కేక వినిపించింది.

“ఒలే, సన్నీళ్ళు కాగేయా?”