అలుగు పారిన రోజు

మొన్న ఆదివారం మా వునిమోలి ఊరి కుర్రాళ్ళంతా కలిసి, వానలు ముంచుకురాకముందే ఇంటి ముందు పెద్దకాలువలో పూడిక తీస్తుంటే, వసారా అంచున కూర్చుని చూస్తున్నాను. మనవడు చూసి, "ఆజీ, భీతర్ జావ్, బురద పడతాది" అన్నాడు, నానమ్మను లోపలికి పొమ్మని, సగం హిందీ, సగం తెలుగు, పాపం వాడికొచ్చిన తెలుగు అంతే. బురదలోనే పుట్టి పెరిగినదాన్ని, నాకు బురద భయమా? నాకు గుర్తొచ్చింది ఇంకో మట్టిపని. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు నా ఈడువాళ్ళలో ఇంకెందరు మిగిలారో తెలియదు.

అప్పటికి నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళు. నాన్న ఐదేళ్ళ గిరిమిట్, అంటే వేలిముద్ర వేసిన కూలి ఒప్పందం, ముగించుకుని, చెరుకుతోటల కూలీ లైన్లనే కొట్టాల్లోంచి బయటపడి, ఈ దీవులకు అసలు సొంతదారులైన కైవీతీల పెద్దాయన ఒకరి దగ్గర కాస్త నేల కౌలుకు తీసుకున్నాడు. అమ్మానాన్నలు దేశం నుంచి వచ్చిన ఓడలోనే వచ్చిన మరికొన్ని కుటుంబాలూ మా పక్కనే గుడిసెలు వేసుకున్నాయి. ఓడలో కలిసి వచ్చినవాళ్ళది రక్తసంబంధం కన్నా ఎక్కువ, అందుకే నాన్న కన్నా పెద్దవాడైన ఒకాయన కులం గోత్రం అడగకుండానే నాకు పెదనాన్న అయిపోయాడు, ఆయన భార్య పెద్దమ్మ అయింది. వానల్లో వరి బాగానే పండేది గాని, ఎండలు ముదిరేసరికి వాగు ఎండిపోయేది, గాదెలు అడుగంటేవి, ఇంటికొక మగవాడు మళ్ళీ గిరిమిట్‌కు వేలిముద్ర వేయక తప్పేది కాదు. నాన్న కూడా వేస్తాడేమోనన్నదే అమ్మకున్న ఒకే ఒక్క భయం. లైన్లలో తను ఏమేం పడిందో నాకెన్నడూ చెప్పలేదు గాని, ఆ మాట ఎవరైనా ఎత్తితే చాలు, ఆమె అన్నం కంచం ముందు నుంచి లేచిపోయేది.

పెదనాన్న మన దేశంలో నీరుగంటి, అంటే చెరువు నీళ్ళను పొలాలకు వంతులవారీగా వదిలేవాడు. వాగుకు అడ్డంగా కట్ట వేసి వాననీళ్ళు నిలిపితే రెండో పంట పండుతుందనీ, ఇక మన బిడ్డలెవరూ ఆ లైన్ల మొహం చూడనక్కర్లేదనీ ఆయన అంటే, అందరూ సరేనన్నారు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు తట్టలు మోశారు, ఎడ్లు ఆ మట్టిని తొక్కాయి, గిరిమిట్ ఇంకా తీరనివాళ్ళు కూడా రేపు మాకూ ఇక్కడే బతుకని సెలవురోజున వచ్చి పార పట్టారు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోవడానికి వదిలే దారిని అలుగంటారు, దాన్ని పెదనాన్న మన ఊళ్ళో ఉన్నంతే పెట్టించాడు, ఒక ఎడ్లబండి పట్టేంత. కైవీతీ పెద్దాయన నాన్నతో యాంగోనా, వాళ్ళ వేరు కషాయం, తాగుతూ, ఇది చాలదు, దీనికి నాలుగింతలుండాలని చేతులు బార్లా చాపి చూపించాడు. నీళ్ళు కూడబెట్టుకోవడానికి కడుతుంటే పారబోసుకోమంటాడేమిటని మావాళ్ళు పడీపడీ నవ్వారు. కరువుసీమలో పుట్టి, మబ్బుతునక కోసం మెడలు పట్టేసేదాకా ఆకాశం చూసినవాళ్ళకు, నీళ్ళు ఎక్కువై మునుగుతామని ఎలా తోస్తుంది? వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఆ ఏడు తుఫాను వచ్చింది. గుడిసెల కప్పులు ఎగిరిపోయాయి. పొద్దున కాస్త తెరిపిచ్చాక పెదనాన్న తడిసిముద్దై పరుగెత్తుకొచ్చి, చెరువు నిండి అలుగు పారుతోందని కేకేశాడు. మనవైపు అది పండగ. అలుగు పారిన రోజున ఆడవాళ్ళు కట్టెక్కి గంగమ్మకు పసుపూ కుంకుమా గాజులూ ఇచ్చి దండం పెట్టుకుంటారు. ఎగిరిపోయిన కప్పుల సంగతి మరిచిపోయి మా ఆడవాళ్ళంతా పసుపు పళ్ళేలు పట్టుకుని బయలుదేరారు. అమ్మ ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకుని, తన చేతి గాజులు రెండు తీసి పళ్ళెంలో పెట్టి, "గంగమ్మ మనల్ని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చిందే" అని నా బుగ్గలు పుణికింది. చలికి వణుకుతున్నానని నన్ను మిట్ట మీద పెద్దమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. కైవీతీ పెద్దాయన రెండు చేతులూ ఊపుకుంటూ అవతలి గట్టు నుంచి పరుగున వస్తున్నాడు. అమ్మ వంగి నీళ్ళకు పసుపు చల్లుతుండగా, ఆమె కాళ్ళ కింద కట్ట కూలిపోయింది.

మర్నాడు కైవీతీలూ మావాళ్ళూ కలిసి వెతికితే, దిగువన మడచెట్ల వేళ్ళలో అమ్మ దొరికింది, ఇంకో ఇద్దరు దొరకనే లేదు. మళ్ళన్నీ ఇసుక మేటలు వేశాయి. ఇంట్లో గింజ లేదు. నన్ను పెద్దమ్మ ఒళ్ళో పెట్టి, నాన్న వెళ్ళి మళ్ళీ వేలిముద్ర వేశాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ దేనికి వణికిందో అదే జరిగింది, ఇన్నేళ్ళైనా అది తలుచుకుంటే నాకు ఏడుపు ఆగదు.

తర్వాత పెదనాన్న చాలాకాలం ఎవరి కళ్ళలోకీ చూడలేదు. ఆయన్ని చేయిపట్టి లేపింది కైవీతీ పెద్దాయనే. అందరూ మళ్ళీ కలిశారు, ఈసారి నీళ్ళు నిలపడానికి కాదు, సాగనంపడానికి. వెడల్పాటి కాలువలు తవ్వి, ఇసుక ఎత్తిపోసి, కొన్నేళ్ళకు మళ్ళను మళ్ళీ మళ్ళు చేశారు. గిరిమిట్టే రద్దయి నాన్న ఇల్లు చేరేసరికి, ఎండాకాలానికి దుంపలూ కందులూ వేసుకోవడం అలవాటైంది, ఎవరూ పస్తులుండలేదు. ఆ కాలువల పుణ్యానే మా పొలాలు ఈనాటికీ నిలిచాయి.

మాకిప్పుడు నీళ్ళ సంగతి బాగా తెలుసు. ఎంత వెడల్పు తవ్వాలో తెలుసు, ఎప్పుడు మిట్టెక్కాలో తెలుసు, మబ్బు పట్టగానే పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులు వేసుకోవడం తెలుసు. ఇదంతా మా పిల్లలకు మేమే నేర్పాం, నేర్పకపోతే బతకరు. కానీ వాన వచ్చిందని సంతోషపడటం మాత్రం మావాళ్ళెవరికీ చేతకాదు. అది నేర్పాల్సింది మా అమ్మ.