మెట్ల కింద కంప్రెసరూ, మేడ మీద బీమా

రాజాంలో పళ్ళ డాక్టర్లు చాలామందే ఉన్నారు. కానీ సొంత పేషెంటును సొంత బండి మీద ఎక్కించుకుని, పోటీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడి బెంచీ మీద వరసలో కూర్చున్న ఘనత మాత్రం నాకొక్కడికే దక్కింది. ఈ ఘోరానికి వానే కారణమని మా ఇంట్లో చెప్పుకుంటాం. మీ దగ్గర దాపరికమెందుకు, అసలు కారణం బీమా.

నా క్లినిక్కు మేడ మీద. మీ పంటి మీద గిర్రున తిరిగే డ్రిల్లుంటుందే, అది గాలితో నడుస్తుంది. ఆ గాలినిచ్చేది కంప్రెసర్. దాని మోతకి భయపడి సగం మంది మధ్యలోనే తిరిగి వెళ్ళిపోతారని, దాన్ని కింద మెట్ల కింద గూట్లో పెట్టి, గొట్టం పైకి లాగించాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకోలేదు కాబట్టి.

మా ఆవిడ అన్నయ్య సింహాచలం బావ బీమా ఏజెంటు. ఆయనలో ఒకటే లోపం, ఎప్పుడూ ఆయన మాటే నిజమవుతుంది. నా పెళ్ళికి షేర్వాణీ వద్దు, ఉక్కపోస్తుందన్నాడు. ఉక్కపోసింది. ఇలాంటివాటిని మనిషన్నవాడు క్షమించలేడు.

"ఏటేటి రాయమంటావు బావా?" అన్నాడు నా క్లినిక్కు బీమా కాగితాలు తీసి.

"కుర్చీ, ఎక్సరే మిషను, ఏసీ, అద్దం తలుపు, బోర్డు. చేపల తొట్టె కూడా."

"మరి మెట్ల కిందది?"

"ఆ ఇనప పీపాకెందుకు? దాన్నెవడు ఎత్తుకుపోతాడు?"

"దొంగే రానక్కర్లేదు బావా. ఆ గూడు ఈదికన్నా పల్లంలో ఉన్నాది. మేడ మీద సామాన్లకి రాస్తే దానికి వర్తించదు. ఏరేగా రాయాల."

రాయిస్తే పోయేదేమీ లేదు. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది.

"నా క్లినిక్కు సంగతి నాకు తెల్దేటి? నీ కమీషను కోసం నా మెట్లు కొలవకు."

బావ టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు సిగ్గు వేయాల్సింది పోయి, గెలిచాననిపించింది.

ఆ ఏడు వాయుగుండం పట్టింది. వాన తెరిపిచ్చాక క్లినిక్కుకి వెళ్ళాను. రాత్రి మోకాలి లోతు నిలిచిన నీళ్ళు దిగిపోయి, వీధంతా బురద. పైన మాత్రం చుక్క తడి లేదు. చేపలతో సహా అందరూ క్షేమం. వెంటనే బావకి ఫోన్ చేశాను.

"సూసినావా బావా? నీళ్ళు మెట్లెక్కలేదు."

"మంచిదే గదా. కిందకి సూసినావా?"

చూడలేదు. చూస్తే ఆయన మాట విన్నట్టవుతుంది. ఇల్లలకగానే పండగ కాదంటారు. మేడ తడవనంత మాత్రాన క్లినిక్కు బతికినట్టూ కాదు.

అంతలో సంతలో ఎండుచేపలమ్మే అప్పలనరసమ్మ వచ్చింది. చెంప బూరెలా పొంగి ఉంది.

"రేత్రులు కునుకు నేదు బాబూ. పన్ను పీకీకు. ఉన్నయే నాలుగు. ఎలాగోలా నిలబెట్టు."

"చిన్న కన్నం పెడితే చీము బయటికొచ్చి నొప్పి తగ్గిపోతాదమ్మా. పన్ను ఉంటాది," అని మత్తు సూది ఇచ్చి, డ్రిల్లు పట్టుకుని పెడల్ తొక్కాను. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా తొక్కాను.

"మొదలెట్టీసినావా బాబూ?"

"ఇదిగో, అదే..."

"ఏటీ తెలట్నేదు. నీ సెయ్యి సల్లనిది."

కిందికి పరిగెత్తి గూడు తలుపు తీశాను. కంప్రెసర్ పీక దాకా బురదలో ఉంది. బీమా చేసిన సామానంతా పైన నిగనిగలాడుతోంది. దాన్ని ఆడించేది ఇక్కడ చచ్చి పడుంది.

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. పైన ఒక మనిషి నన్ను నమ్మి నోరు తెరుచుకుని కూర్చుంది. నేను వాదించింది నీళ్ళతో కాదు, ప్రీమియంతో కాదు, మా బావతో. ఆ పంతానికి ఈ ముసలమ్మ చెంప బలి. ఈ కథంతా నవ్వుతూ చెబుతాను గానీ, ఈ ఒక్క చోట నాకు నవ్వు రాదు.

ఆమెను బండెక్కించుకుని, మెయిన్ రోడ్డులో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంప్రెసర్ ముందు గదిలోనే ఉంటుంది. ఆ మోతకి నేనాయనకి "పిండిమిల్లు డాక్టరు" అని పేరు పెట్టి ఊరంతా చెప్పాను. మా వంతు వచ్చేదాకా అక్కడి బెంచీ మీద కూర్చున్నాం. ఆయన పన్ను నిలబెట్టి పంపించాడు.

బయటికొచ్చాక అప్పలనరసమ్మ అంది కదా, "ఆ మోత ఇంటే దైర్నెం ఒచ్చీసినాది బాబూ. మిసను ఆడతన్నాదని తెలుస్తాది. నీకాడ ఏటీ ఇనపడక బయమేసీసినాది."

కొత్త కంప్రెసర్ నా డబ్బుతోనే కొన్నాను. ఈసారి మేడ మీదే పెట్టించాను. పాలసీ గడువు తీరేసరికి బావ వచ్చాడు. జరిగినదాని గురించి పల్లెత్తు మాటనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"కంప్రెసర్ కూడా రాయి బావా," అన్నాను.

"ఇప్పుడది మేడ మీదుంది గదా. నీళ్ళక్కడికి రావు. మిగతా సామాన్లతో పాటే వర్తిస్తాది. మళ్ళీ ఏరేగా ఎందుకు?"

ఆ మాట కూడా నిజమే. ఆయనెప్పుడు అబద్ధమాడాడు గనక.

"ఏరేగానే రాయి," అన్నాను.

కనక పాఠకులారా, నోట్లో పెట్టే చిన్నద్దం మీద ఒట్టు. ఇకమీదట బావ రాయమన్నదీ రాయిస్తాను, వద్దన్నదీ రాయిస్తాను. అసలు ఆయన నోరు తెరవకముందే సంతకం పెట్టేస్తాను. నోళ్ళు తెరిపించే వృత్తిలో ఉన్నవాడికి ఇంతకన్నా కఠినమైన దీక్ష ఇంకోటి లేదు.