హలో పెద్దమ్మ పెదవి కదపని వారం

హలో పెద్దమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. అవతలివాళ్ళ మాట పూర్తికాకముందే వాళ్ళకేం కావాలో పట్టేయడం ఆ ఉద్యోగంలో గొప్ప గుణం. ఇంట్లో అది అంత గొప్ప గుణం కాదని భర్త ఎన్నోసార్లు చెప్పబోయాడు. ఆ వాక్యాన్ని కూడా ఆవిడే పూర్తిచేసేది.

మూడేళ్ళ కిందట, లాండ్రీ మీది గదిలో బడిపిల్లలకు ఉచితంగా చదవడం నేర్పిస్తానని ఆవిడ ప్రకటించినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆయనే. సాయంత్రాలు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకున్నాడు పాపం. వాలంటీర్ల జాబితాలో మొదటి పేరు ఆయనదే రాసింది.

పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, మోకాలితో ఒక్కటి తగిలిస్తే తప్ప తెరుచుకోని ఇనప బీరువా, అట్టలూడిన కథల పుస్తకాలు. ఇదీ బడి. కింద ఇస్త్రీ జోరుగా సాగితే పైన నేల గోరువెచ్చగా ఉండేది. నాలుగు నుంచి ఐదున్నర దాకా ఒక్కో పెద్దమనిషి పక్కన ఒక్కో చిన్నమనిషి కూర్చుని పైకి చదవాలి. గోడమీద హలో పెద్దమ్మ స్వహస్తాలతో రాసిన అట్ట వేలాడేది: "పిల్లలు ఆగితే మాట అందించకండి. మనసులో పది లెక్కపెట్టండి." ఆగలేక అందించిన వాలంటీరును మెట్లమీదికి పిలిచి మరీ మందలించేది. తను మాత్రం ఎంతసేపైనా కిమ్మనకుండా కూర్చోగలనని గర్వపడేది. నిజమే, ఆవిడ గొంతు ఎవరికీ వినిపించేది కాదు.

భర్తకు చెవి కొంచెం మందం. "ఏంటమ్మా? మళ్ళీ చదువు," అనేవాడు. పిల్లలు ఇంకాస్త గట్టిగా మళ్ళీ చదివేవాళ్ళు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు రెండు నెలలు తిరిగేసరికి గడగడా చదవడం ఆవిడకు మింగుడుపడేది కాదు.

అయితే ఆవిడకూ చెప్పుకోవడానికి ఒక పిల్ల ఉంది. మూడో తరగతి. వారంలో నాలుగు రోజులు అదే గళ్ళ గౌను వేసుకొస్తుంది కాబట్టి గళ్ళగౌను అనే పిలిచేవాళ్ళు. "పుస్తకం వంక కూడా చూడదండీ," అని హలో పెద్దమ్మ అందరికీ చెప్పేది. "ఒక్కసారి చూపు వేసి, తలెత్తి, నా ముఖంలోకి చూస్తూ చదివేస్తుంది. అదీ ధైర్యమంటే."

ఒక సోమవారం మూడో తరగతి టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది.

"మేడమ్, ఈ పిల్ల మీ దగ్గర బాగా చదువుతుందట కదా. క్లాసులో ఒక్క లైను చదవడం లేదు. శుక్రవారం మళ్ళీ చూస్తాను. ఒక పేజీ తనంతట తను చదివితే సరి. లేదంటే చదివే పీరియడు మాత్రం రెండో తరగతిలో కూర్చోబెట్టాలి."

గళ్ళగౌను చెల్లెలు చదివేది రెండో తరగతే. ఆ మాట వినగానే పిల్ల ముఖం మాడిపోయింది.

"క్లాసులో భయపెడితే ఎలా చదువుతుంది?" టీచరమ్మ మెట్లు దిగేదాకా ఆగి అంది హలో పెద్దమ్మ. "చదువు తల్లీ, మనం చూపిద్దాం."

గళ్ళగౌను అందుకుంది. నక్క, బావి, తాడు, అన్నీ సాఫీగా దొర్లిపోతున్నాయి. ఇంతలో హలో పెద్దమ్మకు దగ్గొచ్చి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చదువు ఆగిపోయింది. రుమాలు తీసింది. చదువు సాగింది. మళ్ళీ దగ్గు. మళ్ళీ నిశ్శబ్దం.

పక్క కుర్చీలోంచి భర్త ఇదంతా చూస్తున్నాడు. చెవి మందమే గానీ కళ్ళు చురుకు.

"ఏమోయ్, అది పుస్తకం చదవట్లేదు. నీ మూతి చదువుతోంది."

"నేనేం చెప్పలేదే."

"నోటితో చెప్పలేదు. పెదాలతో చెప్పావు. ఎక్స్ఛేంజిలో నంబర్లు వల్లించినట్టు ముందే పలికేస్తున్నావు."

గళ్ళగౌను తల దించుకుంది. ఆ పిల్ల ఎన్నడూ అబద్ధమాడలేదు. చదవమన్నారు, కనిపించినదాన్ని చదివింది.

హలో పెద్దమ్మకు గాలి తీసేసినట్టయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఒక్కరి మాటా పూర్తిచేయలేదు. భర్త అది గమనించి ఒళ్ళు బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

మంగళవారం కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. వెనకనుంచి అరగంటలో నాలుగు లైన్లు వినిపించాయి.

"మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అంది గళ్ళగౌను, ఏడుపు గొంతుతో.

"అక్షరాలు కూడబలుక్కో."

"ఈ అక్షరాలు నాకు నచ్చలేదు."

"నాకూ నచ్చలేదమ్మా," అంది హలో పెద్దమ్మ గోడతో. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. పది లెక్కపెట్టడం ఎంత కష్టమో ఆవిడకు అప్పుడే తెలిసింది. ఎనిమిది దగ్గరికొచ్చేసరికి కుర్చీ అంచు గట్టిగా పట్టుకునేది. మందలింపులు తిన్న వాలంటీర్లు ఇదంతా ఎంతో శ్రద్ధగా గమనించారు. ఒకాయన ఆవిడకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

బుధవారం ఏడు లైన్లు. గురువారం సగం పేజీ, దారిలో రెండు అలకలు.

శుక్రవారం టీచరమ్మ అనుమతి ఇస్తే హలో పెద్దమ్మ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. గళ్ళగౌను పుస్తకం పట్టుకుని లేచింది. ముందు పేజీ చూసింది. తర్వాత వెనక బెంచీ చూసింది. ఒక్క క్షణం ఆలోచించింది.

"పెద్దమ్మా, మీరు బయట కూర్చోండి," అంది.

క్లాసు నవ్వింది. హలో పెద్దమ్మ చేతిసంచీ తీసుకుని వరండాలోకి వచ్చి, పిల్లల చెప్పుల వరస పక్కన బల్లమీద కూర్చుంది. లోపల గొంతు మొదలైంది. నత్తనడకగా, ఒక్కో మాటా తవ్వి తీసినట్టు. మధ్యలో ఒకచోట ఆగింది. బయట ఆవిడ పెదవులు ఇష్టమొచ్చినట్టు కదిలాయి. ఆ మాటను నాలుగుసార్లు పలికాయి. చూసేవాళ్ళెవరూ లేరు. లోపల గొంతు ఆ మాటను ఒకసారి తప్పుగా అని, మళ్ళీ వెనక్కి వెళ్ళి, సరిగ్గా అని, ముందుకు సాగింది.

పేజీ అయ్యాక టీచరమ్మ తలుపు దగ్గరికొచ్చింది. "చాలా మెల్లగా చదివింది. కానీ తనే చదివింది. మూడులోనే ఉంటుందిలెండి."

"నేను ముందే..." అని హలో పెద్దమ్మ ఏదో చెప్పబోయింది.

అప్పటికే లోపల తర్వాతి పిల్ల చదవడం మొదలుపెట్టింది. టీచరమ్మ పెదవులమీద వేలు పెట్టి, ఇక మాట్లాడొద్దని సైగచేసి తలుపు వేసుకుంది.