మునగాకు పొడికి గంట గడువు

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. నా భార్యకు అది కుదరలేదు. పెళ్లినాటికి ఆమె పుట్టిల్లూ మా ఇల్లూ ఒకే పార్టీ. ఆమెకు ఏడో నెలలో ఎన్నికలొచ్చాయి, మా మామ పార్టీ మారాడు. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో పార్టీ మారితే రాకపోకలు ఆగిపోయేవి. వాళ్లది చాపాడు పక్క ఊరు, మాది జమ్మలమడుగు దారిలో. మధ్యనున్న ప్రొద్దుటూరు ఆసుపత్రిలో బిడ్డ పుట్టాడు. తల్లినీ బిడ్డనూ మా ఇంటికే తెచ్చుకున్నాం.

మూడు రోజులైనా పాలు సరిగా పడలేదు. ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు బొంగురుపోయింది.

మా అత్త రాలేక, రోజూ పొద్దున బస్సు కండక్టరు చేతికి క్యారియర్ ఇచ్చి పంపడం మొదలుపెట్టింది. మునగాకు పొడి కలిపిన అన్నం, మెంతుల లేహ్యం, తెల్లగడ్డల కారం, పిల్లిపీచర (శతావరి) గడ్డల పొడి వేసి కాచిన పాలు, అన్నీ బాలింతకు పాలు పడేందుకే. బస్సుకు పార్టీ లేదు. క్యారియర్‌కు ఉందని మా పెదనాయన తేల్చాడు. ఊళ్లో మా పార్టీకి ఆయనే పెద్ద.

"అవతలోళ్ల కూడు. ఊరికే తినేదానికి లేదు."

"పంపింది కన్నతల్లి కదా పెదనాయనా."

"వండింది తల్లే. దోవలో ఎన్ని చేతులు మారిందో నీకు తెల్సునా?"

ఆయన తినేది ముందు రుచి చూడ్డానికి ఒక మనిషి ఉండేవాడు. ఆరడుగులు, నడుముకు వేటకొడవలి. అతన్ని మా వసారాలో కూర్చోబెట్టారు. అన్ని గిన్నెల్లోనూ ఒక్కో ముద్ద తిని అతను గంట బతికుంటే, అప్పుడు బాలింతకు పెట్టాలి.

ఆ గంటసేపు ఇంటిల్లిపాదీ అతని ముఖమే చూసేవాళ్లం. లోపల బిడ్డ ఏడిస్తే ఎవరో చక్కెర నీళ్లు పట్టేవాళ్లు. రెండో రోజుకు ఒక్క ముద్ద నాలుగు ముద్దలైంది.

"ఒక ముద్దకు తెలీదప్పా. ఇసం తక్కువ కలిపింటే?" అన్నాడతను.

మూడో రోజు మా చిన్నమ్మ అడిగింది: "ఏమప్పా, యాడన్నా తడి తగుల్తాండాదా?"

అతను నిజంగానే చొక్కా తడుముకున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత వీటి గురించి చదివాను. మునగాకులో ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు ఉంటాయి. కణాలు దెబ్బతినకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్లూ ఉంటాయి. బాలింతకు మంచి తిండి. మెంతులు, పిల్లిపీచర పాలు పెంచుతాయనడానికి మాత్రం గట్టి రుజువు ఇంకా లేదట. బిడ్డ తాగేకొద్దీ పాలు పడతాయన్నది ఖాయం. ఆ మాట ఆసుపత్రిలో నర్సమ్మ అప్పుడే చెప్పింది. మేం గడియారం చూస్తూ కూర్చున్నాం.

నాలుగో రోజు నా భార్య బిడ్డను చంకనేసుకుని వసారాలోకి వచ్చి అతని ముందు నిలబడింది.

"మామా, నువ్వు సస్తావో లేదో సూసేదాంక నా బిడ్డ ఆగుతాడా?"

క్యారియర్ లాక్కుంది.

"పాపా, ఆగమ్మా! ఇంగా నలభై నిమిషాలుండాది!" అతను ఏడ్చినంత పనిచేశాడు.

ఆమె గోడకానుకుని, కొంగు కప్పి బిడ్డను రొమ్ముకు పెట్టి, రెండో చేత్తో తిన్నది. మగవాళ్లం బయటికి నడిచాం. ఆ రోజంతా ఆమె బిడ్డను దించలేదు. ఇంకో రెండు రోజులకు రవిక తడిసేలా పాలు పడ్డాయి. "మనోడు రుచి చూసినందుకే" అని పెదనాయన ఊరంతా చెప్పాడు.

రుచి చూసే పని పోయినా అతను నెలంతా క్యారియర్ వేళకు వచ్చి వసారాలో కూర్చునేవాడు. ఆమె ఒక ముద్ద పెట్టేది.

మొన్న నా భార్య పోయాక, ఆమె పెద్దదినానికి రెండు వైపులవాళ్లూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. ఆనాటి బిడ్డే వడ్డించాడు. వడ్డన అయ్యాక ఎవరూ విస్తరిలో చెయ్యి పెట్టలేదు. పంక్తి చివరనున్న ఆ మనిషి, ఇప్పుడు ముసలాయన, ఒక ముద్ద తిన్నాడు. కాసేపు ఆగాడు.

"తినండప్పా" అన్నాడు.